పాడుచేసి పట్టుకురా

పోయిన నెల ఆఫీసు పని మీద దీవుల ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్ వెళ్లాను. పోర్ట్ బ్లెయిర్ నుంచి పొద్దంతా బస్సు ప్రయాణం, దిగేసరికి ఒళ్లు హూనమైపోయింది. స్టాండు ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూలబడ్డాను. కొట్టు పక్కన మంచినీళ్ల డ్రమ్ము, దాని మీద ఒక చెక్క మూత. ఆ మూత మీద తెలుగులో మూడక్షరాల పేరు చెక్కి ఉంది. రెండో అక్షరం కింద ఒత్తు విరిగిపోయింది. మూడో అక్షరం పక్కకి జారి అంచు దాటిపోయింది.

కొట్టతను బెంగాలీ. ఈ మూత ఎక్కడిది భయ్యా అని హిందీలో అడిగాను. పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీలో పాతసామాను కొట్టు నుంచి వాళ్ల బావమరిది తెచ్చాడట. "మీద ఏదో డిజైన్ ఉంది గానీ, చెక్క మాత్రం గట్టిది" అన్నాడు. అది డిజైన్ కాదు, ఒక మనిషి పేరు, ఆ వంకర మాత్రం నాది అని చెప్పాలనిపించింది. టీ చల్లారిపోయేదాకా మూత వంకే చూస్తూ కూర్చున్నాను.

ఆ పేరుగలామె పోయి రెండేళ్లు. బతు బస్తీలో ఆ పాతసామాను కొట్టు ఆమెదే. ఊళ్లో అందరికీ ఆమె దీదీ. మా తాతలది శ్రీకాకుళం వైపు, మా ఇంట్లో అక్కని అప్ప అంటాం, అందుకని నాకు మాత్రం అప్ప. మనిషి పొట్టి. చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుని, మోచేతుల దాకా మడిచేది. నడుముకి తాళాలగుత్తి వేలాడాల్సిన చోట తాడుకి కట్టిన పెద్ద అయస్కాంతం వేలాడేది. పాత స్పీకరు పగలగొట్టి తీసింది. చెక్క ఏది వచ్చినా ముందు దాని మీద ఆ అయస్కాంతం నడిపించేది. ఎక్కడ మేకు దాక్కుని ఉంటే అక్కడ అతుక్కునేది. "నోరు లేనోళ్లందరికీ ఇదే నోరు" అనేది.

నేను ఒక కాంట్రాక్టరు దగ్గర బిల్డింగు డ్రాయింగులు గీస్తాను. కంప్యూటర్లో గీసీ గీసీ, గీసింది చేత్తో పట్టుకుని చూడాలన్న పిచ్చి పట్టింది. బల్ల మీద పట్టే చిన్న సీఎన్‌సీ రూటర్ ఒకటి తెప్పించుకున్నాను. కంప్యూటర్లో గీసిన గీతని, గిర్రున తిరిగే సన్నటి బిట్టుతో చెక్క మీద చెక్కే మిషన్ అది. పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో మా ఇంటి వెనక వరండాలో పెట్టాను. దాని చప్పుడు విని మా ఆయన వడ్రంగి పిట్ట అని పేరు పెట్టాడు. ఇప్పటికీ మా ఇంట్లో దాని పేరు అదే.

ఫోన్లో వీడియోలన్నీ ఒకటే పాట. ముందు చవక సరుకు మీద చెయ్యి తిప్పుకోండి, మీ వీధి చివర దుకాణంలో చెక్కపొట్టుతో చేసిన ఎండీఎఫ్ షీటు దొరుకుతుంది, అని. మా వీధి చివర దొరికేది సముద్రం. ఇక్కడికి షీటు అన్నది షిప్పులో రావాలి. వచ్చేసరికి దాని అంచులు టీలో ముంచిన రస్కులా ఉబ్బిపోయి ఉంటాయి. అలాంటివి రెండు కొని, రెండూ తగలేశాక, ఎవరో చెబితే అప్ప కొట్టుకి వెళ్లాను.

"ప్రాక్టీసుకి చవకలో చెక్క ముక్కలు కావాలి" అన్నాను.

"ఎన్నిసార్లు పాడుసేస్తావు?" అంది, తలెత్తకుండా.

నాకు కోపం వచ్చింది. అసలే నాకు కోపం తొందర. "పాడుచెయ్యను. జాగ్రత్తగా చేసుకుంటాను."

"అలగైతే నీకు నాయి ఎందుకే? మంచి సెక్కే కొనుక్కో. ఎల్లు."

గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చాను. నిజం చెప్పాను. ఎన్నిసార్లు పాడవుతుందో నాకే తెలీదు, ఇప్పటిదాకా చేసిందల్లా పాడే, అన్నాను. అప్పుడు తలెత్తి నా మొహం చూసింది. లోపలికి వెళ్లి చేపల పెట్టెల మూతలు ఒక కట్ట పట్టుకొచ్చింది. ఐసు పెట్టే తెల్లటి థర్మోకోల్ పెట్టెలు, మూలలు విరిగినవి. "ముందు ఈటి మీద గీకు. బిట్టు విరగదు, నీ గుండే పగలదు. పాడుసేసి పట్టుకురా. ఎందుకు పాడయిందో సెప్పు. అప్పుడు ఇంకోటి ఇస్తాను."

అదీ ఆమె పద్ధతి. పాడైన ముక్క తీసుకెళ్లి ఆమె బల్ల మీద పెట్టాలి. కారణం నా నోటితో చెప్పాలి. "మిషన్ సరిగ్గా లేదు" అన్నది ఆమె దగ్గర కారణం కింద చెల్లదు. "మిషన్‌కి నువ్వేటి సెప్పావో అదే సేసింది పాపం. బోలో, నువ్వేటి సెప్పావు?" అనేది. బిట్టు ఎక్కువ లోతుకి దింపాననో, ముక్కని బల్లకి గట్టిగా బిగించలేదనో ఒప్పుకునేదాకా ఆ బల్ల దగ్గర నుంచి కదలనిచ్చేది కాదు. మిగతా గిరాకీలంతా చూస్తుండేవారు. ఆఫీసులో నా డ్రాయింగులో తప్పు పట్టిన ఇంజనీరుతో పోట్లాడే నేను, అక్కడ బడిపిల్లలా నిలబడేదాన్ని.

ఆ థర్మోకోల్‌కి చేపల వాసన వదిలేది కాదు. నెల రోజులు మా వరండా నిండా పిల్లులు. మా ఆయన వడ్రంగి పిట్టకి కాపలా పెట్టావా అని వెక్కిరించాడు.

థర్మోకోల్ అయ్యాక వానకి వెలిసిపోయిన ప్రచార బోర్డుల ఫోమ్ షీట్లు ఇచ్చింది. ఆ తర్వాత టూరిస్టు హోటళ్లు పారేసిన తెల్లటి కూరగాయల పీటలు, ప్లాస్టిక్కువి, కత్తిగాట్లతో నిండినవి. వాటి మీద బిట్టు వెళ్తుంటే కొబ్బరి కోరులా తెల్లగా లేచేది. ఆ తర్వాత ఫ్రిజ్జులూ మోటార్లూ వచ్చే పెట్టెల తేలిక చెక్క. ఇవన్నీ ఊళ్లో అందరి కళ్లముందూ ఉన్నవే. మెయిన్‌లాండ్ నుంచి షీటు రావాలని షిప్పు వైపు చూస్తూ కూర్చున్నదాన్ని నేనొక్కదాన్నే. ఏ సరుకు ఏ తప్పు నేర్పుతుందో ఆమెకి ఎవరు చెప్పారో తెలీదు. మిషన్‌ని ఆమె అప్పటికి కళ్లతో చూడను కూడా లేదు. ఇంజనీరింగు చదివినవాళ్లని చాలామందిని చూశాను గానీ, వస్తువుని చూడగానే దాని గుణం చెప్పగలిగిన మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. ఆమె దగ్గర నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు ఈరోజుకీ గొప్పే.

ఒకసారి తెలివి ఎక్కువై, ఆమెకి చెప్పకుండా ఒడ్డుకి కొట్టుకొచ్చిన చెక్కలు ఏరుకొచ్చాను. షిప్పుల్లో సరుకు కింద పరిచే పలకలవి. నున్నగా, బలంగా ఉన్నాయి. పైగా ఊరికే వచ్చాయి. వారం రోజులు ఎండబెట్టి మిషన్‌కెక్కించాను. రెండు బిట్లు మొండివైపోయాయి. మూడోది మర్నాటికి తుప్పు పట్టింది. ఆ ముక్క పట్టుకెళ్లి బల్ల మీద పెట్టి, కారణం తెలీదన్నాను.

అప్ప దాన్ని ఎత్తి, అందరి ముందూ, చివర నాలుక ఆనించింది.

"నమక్," అంది. "ఉప్పు. లోపల ఇసక కూడా ఉంటాది. ఎండబెడితే నీరు పోతాది గానీ ఉప్పెక్కడికి పోతాది? సముద్రం ముఫ్త్‌లో, ఊరికే ఇచ్చింది ఏదీ మిషన్లో ఎట్టకు."

ఆ నాకడం ఆమెకి సునామీ తర్వాత వచ్చిన అలవాటట. అప్పట్లో నీట మునిగిన పలకల్ని ఎండబెట్టి, కొత్తవని చెప్పి అమ్మినవాళ్లున్నారు. వాటితో కట్టుకున్న కిటికీలకి ఏడాది తిరక్కుండానే మేకులన్నీ తుప్పుపట్టి రాలిపోయాయి. అప్పటి నుంచి నాకి చూడకుండా చెక్క ముట్టేది కాదు. ఇప్పుడు నాకూ ఆ రోగం అంటుకుంది. కొత్త ప్లైవుడ్ వచ్చినా అంచు నాకి చూస్తాను, డెలివరీ తెచ్చిన అబ్బాయిలు బిత్తరపోతారు.

అక్షరాల దాకా వచ్చాక ఇంగ్లీషు అక్షరాలు చెక్కి తీసుకెళ్లాను. చక్కగా వచ్చాయి. అప్ప మూతి తిప్పింది. "ఇయన్నీ గీతలే గదే. మనయి గుండ్రాలు. కష్టమైంది సేస్తే తేలికైంది దానంతటదే వొస్తాది." ఆమె దక్షిణాన వేరే దీవిలో ఉన్న సొంతూరు హట్‌బేలో ఐదో తరగతి దాకా తెలుగు చదివింది. నేను మాట్లాడతానే గానీ, తెలుగు రాయాలంటే తడుముకుంటాను. ఏం రాయమంటావు అని అడిగాను. కాసేపు అయస్కాంతంతో ఆడుకుంది.

"నా పేరు రాయి," అంది.

ఏడాదిన్నరగా వస్తున్నాను, ఆమె పేరు నాకు తెలీదు. సిగ్గుతో అడిగితే చెప్పింది. కాగితం మీద తనే రాసి ఇచ్చింది. ఆ తర్వాత నన్ను లోపలికి పిలిచి, గోడకి ఆనించి ఉన్న పలక చూపించింది.

ఇక్కడి అడవుల్లో దొరికే పడౌక్ చెక్క. నెత్తురు ఆరిపోయాక ఉండే ఎరుపు. ఒక అంచున పైనుంచి కిందకి మూడు గొళ్లెం చిల్లులున్నాయి.

సునామీకి ముందు హట్‌బేలో వాళ్లకి జెట్టీ దగ్గర చిన్న దుకాణం ఉండేదట. సామాను కొనడానికి షిప్పెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చింది. ఆమె ఇక్కడుండగా ఆ ఆదివారం పొద్దున కెరటం వచ్చింది. అక్కడ భర్త, తల్లి, చెల్లెలు. ముగ్గురూ పోయారు. తిరిగి వెళ్లేసరికి దుకాణం లేదు, ఇల్లు లేదు. ఒడ్డుకి చాలా దూరంగా కొబ్బరితోటలో ఈ తలుపు పలక దొరికింది. మూడుసార్లు గొళ్లెం మార్చిన చిల్లుల్ని బట్టి తమదేనని పోల్చుకుంది. వాళ్ల నాన్న కలప కోసే సా మిల్లులో పనిచేసేటప్పుడు చేసిన తలుపు అది. తిరుగు షిప్పులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, సామానుకి టికెట్ తియ్యాలన్నారట.

"సామాన్ నహీఁ, మకాన్ హై అన్నాను. ఇది సామాను కాదు నాయనా, ఇల్లు. టికెట్టోడు మళ్లీ మాటాడ్నేదు."

తర్వాత ప్రభుత్వం వేసిన రేకుల షెడ్డుల్లో కొన్నేళ్లు. షెడ్డు తలుపు మీద రంగుతో ఒక నంబరు. పక్కా ఇల్లిచ్చారు, దాని మీదా నంబరే. క్యూలో నంబరు, కార్డులో నంబరు. బజార్లో దీదీ. ఆమె ఏడవలేదు, మామూలుగానే చెప్పింది. "పేరెట్టి పిలిసేవోళ్లు ముగ్గురే ఉండేవోళ్లు. ముగ్గురూ ఒక్క పూటే పోనారు. నా పేరు ఎలగుంటాదో నేనే మర్సిపోతానేమో అని బయం. దీని మీద సెక్కి గుమ్మానికి ఎట్టుకోవాల. ఒక్కటే పలక ఉన్నాది. ఇంకోటి దొరకదు."

"ఇప్పుడే చెక్కుతాను తే అప్పా," అన్నాను.

అప్ప పలకని నాకింది. "ఇంకా ఉప్పు ఉన్నాది. వొచ్చే వానలకి సూద్దాం."

ప్రతి వానాకాలం ఆ పలకని చూరు కింద ధారలో పెట్టేది. ఉప్పు కరిగి పోవాలని. వానలు తగ్గాక నీడలో ఆరబెట్టి, నాకి చూసేది. పదేళ్లు దాటింది అలా. నేను పలక చూశాక ఇంకో రెండు వానాకాలాలు. ప్రతిసారీ ఇంకా ఉన్నాది అనేది. ఒకరోజు ఆమె గిరాకీతో మాట్లాడుతుంటే నేను లోపలికి వెళ్లి దొంగతనంగా నాకాను. ఉప్పు లేదు. వట్టి చెక్క రుచి. ఈమెకి మనసొప్పడం లేదు, అందుకే ఉప్పు మీద పెడుతోంది అనుకుని ఊరుకున్నాను.

ఈలోగా నేను ఆమె పేరు చెక్కుతూనే ఉన్నాను. పేకింగు చెక్క మీద, పీటల మీద, విరిగిన మంచాల పలకల మీద. ఒత్తు దగ్గర విరిగేది. గుండ్రం దగ్గర పెచ్చు లేచేది. పాడైన ప్రతి ముక్కా తీసుకెళ్లి, తప్పు ఒప్పుకుని, ఇంకోటి తెచ్చుకునేదాన్ని. పాడైనవి ఆమె పారేసేది కాదు. ఒకటి ఎవరి కోళ్లగూటికో తలుపయ్యింది, ఒకటి చేపల మార్కెట్లో నరికే పీట అయ్యింది. "నా పేరు షిప్పెక్కి తిరుగుతున్నాది సూడు," అని మురిసిపోయేది. బాగా వచ్చిన ముక్కకి ఆమె ఇచ్చే పెద్ద మెప్పు ఒకటే మాట. "పనికొస్తాది." మూడేళ్లలో ఆ మాట నాకు నాలుగైదుసార్లు దక్కి ఉంటుంది.

ఆదివారాలు మా ఇంటికి వచ్చేది. మిషన్ చూడ్డానికి అనుకున్నాను. స్టూలు లాక్కుని సరిగ్గా మెయిన్ స్విచ్చి కింద కూర్చునేది. మిషన్ మంచి ఊపులో ఉండగా టక్కున స్విచ్చి కట్టేసేది. మొదటిసారి ముక్క పాడైపోయింది. మళ్లీ స్విచ్చి వేస్తే మిషన్‌కి తను ఎక్కడ ఆగిందో గుర్తుండదు కదా. రెండోసారీ అలాగే చేసింది. మూడోసారి నాకు ఒళ్లు మండి, "నీకు ఇదేం సరదా? మూడు గంటల పని మట్టిలో కలిపావు. ఇంకెప్పుడూ రాకు," అని అరిచేశాను.

"కరెంటు నీ సుట్టమేటే, సెప్పి ఎల్లడానికి?" అని లేచి వెళ్లిపోయింది.

పది రోజులు బతు బస్తీ వైపు పోలేదు. పదకొండో రోజు మిషన్ నడుస్తుండగా నిజంగానే కరెంటు పోయింది. చీకట్లో కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను. మర్నాడు ఆ ముక్క పట్టుకెళ్లి బల్ల మీద పెట్టి, "కరెంటు పోయినప్పుడు ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోలేదు. తప్పు నాదే," అన్నాను. అప్ప ఇంకో ముక్క ఇచ్చింది. ఆ తర్వాత ప్రతి ముక్క మూలల్లోనూ రెండు సన్నటి చిల్లులు పెట్టుకోవడం నేర్చుకున్నాను. కరెంటు పోయి వచ్చాక బిట్టుని ఆ చిల్లుల్లోకి దింపి, సరిచూసుకుని, ఆగిన గీత నుంచి మొదలుపెట్టేదాన్ని. ఆమె ఎన్నిసార్లు స్విచ్చి కట్టేసిందో లెక్క లేదు. చివరికి స్విచ్చి చప్పుడుకి నా చెయ్యి ఉలిక్కిపడటం మానేసింది.

ఒక ఉదయం ఆటోలో వచ్చింది. ఒళ్లో పలక.

"ఉప్పు పోయిందా అప్పా?"

"ఎప్పుడో పోనాది. నువ్వు దొంగలాగ నాకినప్పుడు నేను సూళ్లేదనుకున్నావేటి?" పలక బల్ల మీద పెట్టింది. "దీనికి కాదే, నీ సెయ్యికి ఆగాను."

మూడేళ్లు ఆగింది. వేరే ఎవరితోనైనా, మెయిన్‌లాండ్‌కి పంపైనా చేయించుకోగలిగేది. ఆ ఒక్క పలకా నా చేతికే ఇవ్వాలనుకుంది. నా జీవితంలో ఏ సర్టిఫికెట్టూ నన్ను అంత నిటారుగా నిలబెట్టలేదు.

చిల్లులు పెట్టాను. పలక బిగించాను. రెండుసార్లు సరిచూశాను. మొదటి అక్షరం వెన్నలా దిగింది. వరండా అంతా పడౌక్ వాసన. రెండో అక్షరం గుండ్రం తిరిగి, ఒత్తు సగం అయ్యింది. అప్పుడు మిషన్ ఆగిపోయింది. ఫ్యానూ ఆగింది. అప్ప స్టూలు మీదే ఉంది, ఆమె రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. వీధి మొత్తం కరెంటు పోయింది.

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. కొంగు చివర ముడి విప్పి వక్కముక్క నోట్లో వేసుకుంది. బిట్టు ఆగిన చోటు కాగితం మీద రాసుకుని నేనూ కూర్చున్నాను. కరెంటు వచ్చేసరికి గంట దాటింది. లేచి బిట్టుని చిల్లులోకి దింపాను. రెండో చిల్లులోకి దింపాను. ఆగిన గీతకి ఒక గీత ముందు నుంచి మొదలుపెట్టాను. బిట్టు తను చెక్కిన దారిలోనే నడిచి, ఎక్కడ ఆగిందో అక్కడ కొత్త చెక్కలోకి దిగింది. అతుకు ఎక్కడుందో నాకే కనబడలేదు.

మూడో అక్షరం పూర్తయ్యాక పొడి ఊదేసి, పలక ఆమె ఒళ్లో పెట్టాను. చాలాసేపు చూసింది. పనికొస్తాది అంటుందని ఎదురుచూశాను. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు స్క్రూడ్రైవరు పట్టుకుని వాళ్లింటికి వెళ్లి, నంబరు పక్కనే ఆ పలక బిగిస్తున్నాను. పక్కింటావిడ వచ్చి, "హిందీలో కూడా రాయించాల్సింది దీదీ, ఎవరికి అర్థమవుతుంది?" అంది. "తెలుసుకోవాలనున్నోళ్లు అడుగుతారు," అంది అప్ప. అంతలో చేతిలో లిస్టుతో మున్సిపాలిటీ ఆఫీసు కుర్రాడొకడు వరుసగా ఇళ్లు రాసుకుంటూ వచ్చాడు. "దీదీ, నంబర్ క్యా హై?" అన్నాడు. అప్ప పలక వైపు వేలు చూపించింది. నాకు తెలుగు చదవడం రాదు దీదీ అన్నాడతను.

"తో పూఛో," అంది అప్ప. అడుగు మరి.

అతను నవ్వి, పేరేమిటని అడిగాడు. చెప్పింది. అతను రాసుకుంటూ పైకి పలికాడు. ఒత్తు ఎగిరిపోయింది. ఫిర్ సే, మళ్లీ పలుకు, అంది అప్ప. రెండోసారి ఒత్తు వచ్చింది గానీ చివరి అక్షరం సాగదీశాడు. అప్ప చొక్కా చేతులు కిందకి దించుకుని, జుట్టు సర్దుకుని, గుమ్మంలో నిలబడి మళ్లీ అనమంది. పక్కింటావిడా నేనూ చూస్తున్నాం. ఆ కుర్రాడు పెన్ను ఆపి, తలెత్తి, మొత్తం పేరు సరిగ్గా పలికాడు.

"ఆఁ," అంది అప్ప, "నేనే."